చరిత్ర చదివిన గృహిణి, 32 తోకచుక్కలు

నరసన్నపేట నుంచి ఒకరు ఇలా అడిగారు: "నా వయసు 50. శ్రీకాకుళంలో బి.ఏ. చరిత్ర చదివాను. ఇరవై రెండేళ్లకే పెళ్లయింది. పిల్లలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లిపోయారు. చంద్రయాన్-3 దిగిన రోజు నుంచి గ్రహాల గురించి దొరికిందల్లా చదువుతున్నాను. ఈ వయసులో నీకెందుకివన్నీ అంటున్నారు ఇంట్లో. సైన్సు చదవని ఆడవాళ్లు ఎవరైనా ఈ రంగంలో నిజంగా ఏమైనా చేశారా? ఓదార్పు మాటలు వద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

అమ్మా, ఉన్నది ఉన్నట్టే చెబుతాను. నేను విజయనగరంలో 31 ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. మీ ప్రశ్న చదవగానే నాకు కేరొలిన్ షూమేకర్ గుర్తొచ్చారు. ఆమె కూడా చరిత్ర విద్యార్థినే. ఆమెకు కూడా పిల్లలు ఎదిగి ఎవరి దారిన వారు వెళ్లాకే తీరిక చిక్కింది. 51వ ఏట ఆకాశం పని మొదలుపెట్టి 32 తోకచుక్కలను, వందల గ్రహశకలాలను కనుగొన్నారు. ఒక దశలో ప్రపంచంలో అందరికంటే ఎక్కువ తోకచుక్కలు కనుగొన్న వ్యక్తి ఆమే. అయితే ఆమె కథను సాధారణంగా చెప్పే తీరు మీద నాకు అభ్యంతరం ఉంది. అది మీకు పనికొచ్చే అభ్యంతరం కాబట్టి కొంచెం నిదానంగా రాస్తాను.

కేరొలిన్ 1929 జూన్ 24న అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో, గాలప్ అనే ఊరిలో పుట్టారు. పెరిగింది, చదివింది కాలిఫోర్నియాలోని చికోలో. కళాశాలలో చరిత్ర, రాజనీతిశాస్త్రం, ఆంగ్ల సాహిత్యం చదివారు. ఆమె సోదరుడికి యూజీన్ షూమేకర్ అనే యువకుడు హాస్టల్ గదిలో సహవాసి. ఆ పరిచయం 1951లో పెళ్లికి దారితీసింది. కొన్నాళ్లు ఏడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పారు గానీ ఆ ఉద్యోగం ఆమెకు నచ్చలేదు. ముగ్గురు పిల్లలు పుట్టారు. ఆ తరువాత పాతికేళ్లు ఇల్లే లోకం.

"51 ఏళ్ల వరకు వంటింట్లో ఉన్న స్త్రీ ఒక్కసారిగా ఖగోళ శాస్త్రవేత్త అయిపోయింది" అని కథ చెప్పేవారు ఇక్కడి నుంచి నేరుగా 1980కి దూకుతారు. నా అభ్యంతరం ఈ దూకుడు మీదే. మధ్యలో ఉన్న పాతికేళ్లను పనికిరాని కాలంగా పక్కన పెట్టేస్తే ఆమె ఎలా ఎదిగారో మనకు అర్థం కాదు.

ఆ పాతికేళ్లలో ఏం జరిగిందో చూడండి. ఆమె భర్త యూజీన్ భూగర్భ శాస్త్రవేత్త. అరిజోనా ఎడారిలో దాదాపు 1.2 కిలోమీటర్ల వెడల్పున్న గొయ్యి ఒకటుంది. అది అగ్నిపర్వతం వల్ల ఏర్పడిందని పేరున్న శాస్త్రవేత్తలే నమ్మే రోజుల్లో, ఆకాశం నుంచి పడిన రాయి చేసిన గాయమని 1960 నాటికి రుజువు చేసిన మనిషి ఆయన. మన దేశంలో మహారాష్ట్రలోని లోణార్ సరస్సు కూడా అలాంటి గాయమే, 1.8 కిలోమీటర్ల వెడల్పు. యూజీన్ చంద్రుడి మీద నడవాలని కలగన్నారు, అనారోగ్యం వల్ల కుదరలేదు. చంద్రుడి మీదికి వెళ్లే వ్యోమగాములకు రాళ్లను ఎలా చదవాలో నేర్పించారు. ఆ ఇంట్లో భోజనాల దగ్గర మాట్లాడుకునేవి రాళ్లు, గోతులు, చంద్రుడు. వేసవి సెలవులు వస్తే పిల్లలతో సహా కుటుంబమంతా ఎడారుల్లో గుడారాలు వేసుకుని తిరిగేవారు. కళాశాలలో భూగర్భశాస్త్రం తనకు విసుగు పుట్టించిందని, యూజీన్ నోట విన్నాకే అదెంత ఆసక్తికరమో తెలిసిందని కేరొలిన్ చెప్పేవారు. అంటే 1980 వచ్చేసరికి ఆమె పట్టా లేని విద్యార్థినిగా చాలా ఏళ్ల చదువు పూర్తి చేసి ఉన్నారు. ఆలస్యంగా మొదలుపెట్టారు, నిజమే. ఏమీ తెలియకుండా మొదలుపెట్టలేదు.

భర్త తలుపు తెరిచాడన్నది కూడా దాచకుండా చెప్పాలి. భర్త వేరే వృత్తిలో ఉండి ఉంటే ఆయన గ్రహశకలాలను వెతికే పాలొమార్ కొండ మీద, అంటే కాలిఫోర్నియాలోని పెద్ద వేధశాలలో, ఆమెకు చోటు దొరికేది కాదు. ఆ కొండ మీది పెద్ద టెలిస్కోపుల దగ్గర రాత్రి పరిశీలన చేయడానికి ఒక మహిళకు అధికారికంగా అనుమతి దొరికిందే 1965లో, ఖగోళ శాస్త్రవేత్త వీరా రూబిన్‌కు. నాటి వ్యవస్థ అలాంటిది. తలుపు తెరిచిందెవరన్నది ఒక విషయం, లోపలికి వెళ్లాక ఏం చేశారన్నది ఇంకో విషయం. రెండోది పూర్తిగా ఆమెదే.

ఆ పని ఏమిటో చెప్పకపోతే మీకు ఆమె గొప్పతనం తెలియదు. పాలొమార్‌లో 18 అంగుళాల ష్మిట్ టెలిస్కోపు ఉండేది. ఆ కొండ మీద 1936లో అన్నిటికంటే ముందు ఏర్పాటు చేసింది అదే. ఒక్కో ఫొటోలో 8 డిగ్రీలకు పైగా వెడల్పున్న ఆకాశం పట్టేది. అంటే నిండు చంద్రుళ్లను పక్కపక్కన పదహారింటిని పేర్చినంత. నెలనెలా అమావాస్యకు అటూ ఇటూ ఉన్న చీకటి రాత్రుల్లో షూమేకర్ దంపతులు అక్కడికి వెళ్లేవారు. ఆకాశంలో ఒక భాగాన్ని ఫొటో తీసి, దాదాపు 45 నిమిషాల తరువాత అదే భాగాన్ని మళ్లీ తీసేవారు. కడిగిన ఫిల్ములు రెండూ కేరొలిన్ బల్ల మీదికి వచ్చేవి.

ఆమె వాడింది రెండు కళ్లతో చూసే ప్రత్యేకమైన సూక్ష్మదర్శిని. ఎడమ కంటికి మొదటి ఫిల్ము, కుడి కంటికి రెండోది. చూపుడువేలు ముఖానికి ఎదురుగా పెట్టుకుని ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూసి చూడండి. వేలు పక్కకు జరిగినట్టు ఉంటుంది. ఆ తేడాను చూసే మన మెదడు ఏ వస్తువు దగ్గర, ఏది దూరం అని లెక్క కడుతుంది. ఫిల్ముల్లో నక్షత్రాలన్నీ రెండింటిలోనూ ఒకే చోట ఉంటాయి కాబట్టి సమంగా పరిచిన గుడ్డలా కనబడతాయి. 45 నిమిషాల్లో కొద్దిగా జరిగిన గ్రహశకలం ఉందనుకోండి, అది మాత్రం ఆ గుడ్డ మీద తేలుతున్నట్టో, కిందికి దిగబడినట్టో కనబడుతుంది. తోకచుక్క అయితే చుక్కలా కాక మసకగా, పొగ అంటుకున్నట్టు ఉంటుంది.

చెప్పడానికి సులువుగా ఉంది. ఒక్కో జత ఫిల్ముల్లో వేల నక్షత్రాలు. దుమ్ము రేణువులు, రసాయనం మరకలు, దూరపు గెలాక్సీలు అన్నీ తోకచుక్కల్లాగే మోసం చేస్తాయి. మీరు పొందూరు వెళ్లి ఉంటారు. అక్కడ ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, గింజను, మలినాన్ని, పొట్టి పీచును వేరుచేస్తారు. నేను చిన్నప్పుడు మా మేనత్తతో వెళ్లి ఆ పని గంటల తరబడి చూశాను. ఆ చేతిని ఏ పుస్తకమూ తయారు చేయలేదు. ఏళ్ల తరబడి అదే పని చేయగా చేయగా, ఏది ఉండాలో ఏది పోవాలో వేళ్లకే తెలిసిపోయింది. కేరొలిన్ కళ్లది కూడా అలాంటి చదువే. ఆమె మొదటి తోకచుక్క 1983లో దొరికింది. తరువాతి పదేళ్లలో అవి వరుసగా వచ్చాయి.

ఇక 1993 మార్చి సంగతి. ఆ రోజుల్లో దంపతులతో కలిసి డేవిడ్ లెవీ అనే తోకచుక్కల వేటగాడు కూడా పనిచేసేవాడు. ఆ నెల వారి దగ్గరున్న ఫిల్ముల పెట్టెను ఎవరో పొరపాటున తెరవడంతో వెలుగు తగిలి పై ఫిల్ములు పాడైపోయాయి, లోపలివి అంచులు మాత్రమే నల్లబడ్డాయి. ఆకాశం మబ్బుగా ఉంది. ఖరీదైన మంచి ఫిల్మును మబ్బుల మీద వృథా చేయడం ఎందుకని ఈ చెడిపోయినవాటినే వాడారు. మార్చి 24 తేదీతో నమోదైన ఆ ఫొటోలను కేరొలిన్ సూక్ష్మదర్శినిలో చూస్తుంటే బృహస్పతి దగ్గర ఒక వింత ఆకారం కనబడింది. చుక్క కాదు, గుండ్రని మసక కాదు. ఒక గీతలా సాగి ఉంది. ఇదేదో నలిగిపోయిన తోకచుక్కలా ఉందని ఆమె పక్కవారితో అన్నారు. అరిజోనాలోని కిట్ పీక్ నుంచి ఇంకో పరిశీలకుడు చూసి నిర్ధారించాడు. అది ముక్కలు ముక్కలై, ముత్యాల పేరులా వరుసగా ప్రయాణిస్తున్న తోకచుక్క. షూమేకర్-లెవీ 9 అని పేరు పెట్టారు.

లెక్కలు కట్టగా ఇంకా వింత బయటపడింది. అది సూర్యుడి చుట్టూ తిరగడం లేదు, బృహస్పతి చుట్టూ తిరుగుతోంది. 1992 జులైలో ఆ గ్రహానికి మరీ దగ్గరగా వెళ్లినప్పుడు ఒకవైపు ఎక్కువగా, మరోవైపు తక్కువగా లాగిన ఆకర్షణ దాన్ని చీల్చేసింది. చంద్రుడు మన సముద్రంలో ఆటుపోట్లు పుట్టించే సూత్రమే ఇది. భావనపాడులో సముద్రపు నీటిమట్టాన్ని పెంచి తగ్గించే శక్తి అక్కడ ఒక కొండంత మంచుముద్దను విరిచింది. తరువాతి చుట్టులో ఆ ముక్కలు బృహస్పతినే ఢీకొంటాయని కూడా తేలింది.

1994 జులై 16 నుంచి 22 వరకు ఇరవైకి పైగా ముక్కలు, సెకనుకు 60 కిలోమీటర్ల వేగంతో ఒకదాని వెనుక ఒకటి పడ్డాయి. సౌరకుటుంబంలో రెండు వస్తువులు ఢీకొనడాన్ని మనుషులు ముందే తెలుసుకుని, కాచుకుని చూడటం అదే మొదటిసారి. 18న పడిన 'జి' అనే ముక్క మిగిల్చిన నల్లటి మచ్చ వెడల్పు 12,000 కిలోమీటర్లు దాటింది. దాదాపు మన భూమి అంత.

ఆ మచ్చల్ని నేను చూశాను. కోటకు దగ్గరలోని మా ఇంటి డాబా మీద, నాలుగంగుళాల అద్దపు టెలిస్కోపుతో. జులై నెల, రోజూ మబ్బే. 21 సాయంత్రం వాన వెలిసి నైరుతి వైపు ఒక గంట ఆకాశం తేటపడింది. డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయిలు నలుగురు వచ్చారు, తడి డాబా మీద చెప్పుల్లేకుండా వంతులవారీగా నిలబడ్డారు. అద్దపు టెలిస్కోపులో బింబం తలకిందులుగా ఉంటుంది కాబట్టి దక్షిణాన పడిన దెబ్బలు మాకు పైభాగంలో కనిపించాయి. కాటుక వేలితో అద్దినట్టు నల్లగా, స్పష్టంగా. వారిలో ఒక అమ్మాయి అడిగింది, "దీన్ని ఎవరు కనిపెట్టారండీ?" అని. నేను షూమేకర్ గారని చెప్పి, యూజీన్ గురించి, ఆయన గోతుల పరిశోధన గురించి పావుగంట మాట్లాడాను. ఫిల్ములో దాన్ని మొదట చూసిన కళ్లు ఒక స్త్రీవని అప్పటికి నాకు తెలియదు. నాలుగైదేళ్ల తరువాత చదివి తెలుసుకున్నప్పుడు ఆ అమ్మాయి ముఖమే గుర్తొచ్చింది. నలుగురు ఆడపిల్లలకు చెప్పవలసిన మాట చెప్పవలసిన రోజున చెప్పలేకపోయాను. ఈ సమాధానం ఇంత పొడవుగా రాయడానికి అదీ ఒక కారణం.

ఆ ఢీకొట్టడం వల్ల ప్రభుత్వాల ఆలోచన మారింది. ఇదే ముక్క భూమి మీద పడితే ఏమిటన్న ప్రశ్న అందరికీ అర్థమైంది. భూమికి చేరువగా వచ్చే, కిలోమీటరు దాటిన గ్రహశకలాల్లో 90 శాతాన్ని వెతికి పట్టాలని 1998లో అమెరికా లక్ష్యంగా పెట్టుకుంది. అంతకుముందు అలాంటి వెతుకులాట కేరొలిన్ వంటి కొద్దిమంది చేతుల మీదుగానే నడిచింది. 1973లో యూజీన్‌తో కలిసి పాలొమార్‌లో ఆ పని ప్రారంభించిన ఎలీనర్ హెలిన్ అనే మరో మహిళ పేరు కూడా మీరు గుర్తుపెట్టుకోవాలి.

కేరొలిన్‌కు గౌరవాలు బాగానే వచ్చాయి. ఉత్తర అరిజోనా విశ్వవిద్యాలయం 1990లో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1996లో నాసా పతకం వచ్చింది. ఒక గ్రహశకలానికి ఆమె పేరు పెట్టారు. అయితే నన్ను కదిలించేది 1997 తరువాతి కాలం. ఆ ఏడాది జులై 18న, బృహస్పతి మీద 'జి' ముక్క పడి సరిగ్గా మూడేళ్లయిన రోజున, ఆస్ట్రేలియాలో గోతుల అధ్యయనానికి వెళ్లిన దంపతుల కారు ఆలిస్ స్ప్రింగ్స్‌కు వందల కిలోమీటర్ల దూరంలో, ఒక మారుమూల దారిలో ఇంకో వాహనాన్ని ఢీకొంది. యూజీన్ అక్కడికక్కడే చనిపోయారు. కేరొలిన్‌కు తీవ్రంగా గాయాలయ్యాయి. అప్పటికి ఆమెకు 68 ఏళ్లు. భర్త అస్థికలలో కొంత భాగాన్ని ఒక అంతరిక్ష నౌకలో పంపారు, అది 1999 జులై 31న చంద్రుడి దక్షిణ ధ్రువం వద్ద కూలింది. బతికుండగా వెళ్లలేకపోయిన చోటికి ఆయన అలా చేరారు. ఆమె కోలుకుని, ఫ్లాగ్‌స్టాఫ్‌లోని లోవెల్ వేధశాలకు తిరిగివచ్చి పనిచేశారు. భర్త నీడ అని ఆమెను తేలిగ్గా చూసేవారికి ఆ సంవత్సరాలే జవాబు. 2021 ఆగస్టు 13న, 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇప్పుడు మీ సంగతికి వస్తాను. మీకు పాలొమార్ లేదు, భూగర్భ శాస్త్రవేత్త అయిన భర్త లేడు. కానీ ఆమెకు 1980లో లేనిది ఒకటి మీకుంది, ఇంట్లోనే ఇంటర్నెట్. అమెరికాలోని హార్డిన్-సిమన్స్ విశ్వవిద్యాలయం కేంద్రంగా నడిచే అంతర్జాతీయ గ్రహశకలాల అన్వేషణ కార్యక్రమం ఉంది. హవాయిలోని పాన్-స్టార్స్ టెలిస్కోపు తీసిన ఫొటోలను, ఒకే చోటివి నాలుగేసి చొప్పున, ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద బృందాలకు పంపుతారు. ఆస్ట్రోమెట్రికా అనే ప్రోగ్రాములో వాటిని ఒకదాని తరువాత ఒకటి ఆడించి చూస్తూ, కదిలే చుక్కను గుర్తించి నివేదించాలి. రుసుము లేదు. ఒంటరిగా కాక బృందంగా చేరడం మేలు. నరసన్నపేటలో ఆసక్తి ఉన్న ఒక ఉపాధ్యాయురాలు, ఇద్దరు పిల్లలు దొరకరా?

సూర్యుడిని అంతరిక్షం నుంచి గమనించే సోహో నౌక ఫొటోల్లో తోకచుక్కలను వెతికే పని కూడా ఎవరైనా చేయవచ్చు. 1995 డిసెంబరులో ప్రయోగించిన ఆ నౌక ఫొటోల్లో 2024 మార్చి నాటికి 5,000 తోకచుక్కలు దొరికాయి, చాలావరకు కనుగొన్నది స్వచ్ఛందంగా చూసేవారే.

ఒక హెచ్చరిక. కొత్త గ్రహశకలాన్ని కనిపెట్టారంటూ వార్తలు చూస్తుంటాం. వాటిలో ఎక్కువ ప్రాథమిక గుర్తింపులు మాత్రమే. ఒక చుక్కకు శాశ్వత సంఖ్య రావాలంటే ఏళ్లపాటు మళ్లీ మళ్లీ కనబడి, దాని కక్ష్య స్థిరపడాలి. ఆ తరువాతే పేరు. సర్టిఫికెట్ చేతికి రాగానే పని అయిపోయిందనుకోకండి, రాకపోతే నిరాశపడకండి. కేరొలిన్ మొదటి తోకచుక్కకు ముందు మూడేళ్లు ఫిల్ములు చూశారు.

గణితం భయం పెట్టుకోకండి. ముందు ఆకాశాన్ని కంటితో నేర్చుకోండి, అందులో సగం మీకు తెలిసే ఉంటుంది. కార్తెల పేర్లు తెలుసు కదా. రోహిణి కార్తె ఎండలు అంటాం గానీ ఆ రోజుల్లో రోహిణి నక్షత్రం కనబడదని గమనించారా? మే నెలాఖరున సూర్యుడు సరిగ్గా ఆ నక్షత్రం దిక్కున ఉంటాడు, అందుకే ఆ కార్తెకు ఆ పేరు. అదే రోహిణిని డిసెంబరు రాత్రి చూడండి, ఎర్రగా నడినెత్తిన ఉంటుంది. అరసవల్లిలో మార్చి 9, 10 తేదీల్లోనూ అక్టోబరు 1, 2 తేదీల్లోనూ ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకుతాయని మీకు చెప్పనక్కర్లేదు. ఏడాదిలో రెండుసార్లే ఎందుకు? తూర్పుకు కొద్దిగా దక్షిణంగా, దాదాపు ఒకే చోట సూర్యుడు ఉదయించేది ఆ రెండు కాలాల్లోనే. ఒకసారి ఉత్తరానికి వెళుతూ, ఒకసారి దక్షిణానికి తిరిగివస్తూ. మీ డాబా మీద నిలబడి, తూర్పున ఉన్న ఒక చెట్టునో టవరునో గుర్తుగా పెట్టుకుని, వారానికోసారి సూర్యోదయం ఎక్కడ జరిగిందో నోటు పుస్తకంలో గీయండి. ఏడాది తిరిగేసరికి భూమి అక్షం వాలు మీ పుస్తకంలో కనబడుతుంది. చరిత్ర విద్యార్థిని కాబట్టి తేదీ, సమయం, చోటు తప్పకుండా రాయడం మీకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఖగోళంలో సగం క్రమశిక్షణ అదే.

మన తీరానికి ఈ పని కొత్త కాదు. 1840లో గోడే వెంకట జగ్గారావు విశాఖలో సొంత వేధశాల కట్టుకున్నారు. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగిపోతున్నప్పుడు ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అక్కడి నుంచే పరిశీలించారు. చీకటి ఆకాశం కావాలంటే మీకు కళింగపట్నం దగ్గరే. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి రోజులు, తెల్లవారుజామున మంచు పడుతుంది కాబట్టి తలకు శాలువా కప్పుకోండి. ఒంటరిగా వెళ్లవద్దు, మీవారిని వెంట తీసుకెళ్లండి. ఆయన ఒకసారి శనిగ్రహం వలయాన్ని టెలిస్కోపులో చూస్తే, ఈ వయసులో ఎందుకని ఇక అడగరు.

టెలిస్కోపు ఎక్కడిదంటారా? నేను చెప్పిన ఆ నాలుగంగుళాలది ఇంకా మా ఇంట్లోనే ఉంది. మోకాళ్ల నొప్పులతో నేను డాబా ఎక్కి మూడేళ్లయింది. అద్దానికి వెండిలా మెరిసే పూత కొంచెం మాసింది, మళ్లీ వేయించాలి. గొట్టం, స్టాండు గట్టిగానే ఉన్నాయి. వర్షాలు తగ్గాక ఒక ఆదివారం మీవారితో విజయనగరం రండి. వాడటం ఒక పూటలో నేర్పిస్తాను. తీసుకెళ్లి మీ డాబా మీద పెట్టుకోండి.